వంతు ల్యాప్‌టాప్

"...ల్యాప్‌టాప్‌ల జాగ సాల్తలేదని ఇప్పుడొచ్చి మా భాగం మీద పడుడేంది మరి? గా విండోస్‌ను మీ దాంట్ల కూసోవెట్టుకున్నది మీరే గద."

గోడ అవతలి నుంచి తోడికోడలు భవాని. ఇవతల, గడప ముందు, వందన అంట్లు తోముతూనే జవాబిచ్చింది.

"మేం కూసోవెట్టుకోలే అక్కా. ఖాళీది బావ ఏరుకున్నడు. ఉన్నది మాకు మిగిలింది."

"పెద్దోడే ముందుగాల ఏరుకుంటడు. గా సంగతి నీకు ఇయ్యాల తెల్సిందా?"

"ఏరుకున్నోడు వాడుకోవాలె గద. పంచుకున్నకాడికెల్లి దాంట్ల ఈగ గూడ వాలలే."

"పడావు వెట్టుకుంటం. పడావున్నదని పక్క చేనోడు వచ్చి నాగలి కడ్తడా? నువ్వయితె కట్టనిస్తవా?"

వందన గిన్నె బోర్లించింది. "పడావుంటె చేనుకు బలమన్న వస్తది. దీనికేమొస్తది?"

"టైపు కోడలికి మాటలు బాగొస్తయి," అంది భవాని, పక్కనెవరో ఉన్నట్టు. అవతల బకెట్ కింద పెట్టిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు వినిపించాయి.

నులక మంచం మీద బీడీలు చుడుతున్న రామవ్వ అంతా విన్నది. ఆమె ఇద్దరికీ అత్త. "దాని మాటల తప్పేమున్నది?" అంది ఈ కోడలితో. కిందటి నెల గోడ అవతల కూర్చున్నప్పుడు, వందన మాటల్లో తప్పేమున్నదని ఆ కోడలితో అన్నది.

సిద్దిపేటలో మెదక్ రోడ్డు వెనక సందులో ఉన్న ఆ ఇల్లు ఒకప్పుడు ఒక్కటే. రామవ్వ కొడుకులు రాజనర్సు, శైలేందర్ వేరుపడినప్పుడు కులపెద్ద దుబ్బయ్య వచ్చి పంచాడు. పెద్దవాడు రాజనర్సుకు దక్షిణపు అర్రలు, చిన్నవాడు శైలేందర్‌కు ఉత్తరపువి. వాకిట్లో నడిమికి ఇటుక గోడ. దానికి ఇప్పటికీ సున్నం పడలేదు. అవతలివాళ్లు ముందు వేస్తారేమోనని ఇద్దరూ చూస్తున్నారు. నల్లా ఒక్కటే కాబట్టి గోడ నల్లా దాకా వచ్చి ఆగిపోయింది.

గిన్నెలు, గాబులు, మేకలు అన్నీ పంచాక రెండు మిగిలాయి. ఒకటి రామవ్వ, రెండోది ల్యాప్‌టాప్. రామవ్వ ఒక నెల పెద్ద కొడుకు దగ్గర, ఒక నెల చిన్న కొడుకు దగ్గర తినాలన్నారు. ల్యాప్‌టాప్‌ను కరోనా కాలంలో రాజనర్సు కొడుకు ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నారు. అందుకోసం అమ్మినవి రామవ్వ కాళ్ల వెండి కడియాలు. కాబట్టి అది అన్నదీ కాదు, తమ్ముడిదీ కాదు.

"ముసలమ్మ ఏడుంటె మిషన్ ఆడ," అన్నాడు దుబ్బయ్య. "కడియాలయితె కాళ్లకే ఉండేటియి గద. గిది గూడ గంతే."

అప్పటి నుంచి నెల మారిన రోజున రామవ్వ ట్రంకు పెట్టె, బీడీల చాట, నులక మంచం, ల్యాప్‌టాప్ సంచి అన్నీ ఒక్కసారే గోడ చివర తిరిగి అవతలికి పోతాయి.

అక్కడితో ఆగితే సరిపోయేది. రాజనర్సు ఇంకో మాట లేవదీశాడు. వంతు బాగానే ఉంది గానీ, తమ్ముడి నెలలో వాళ్లు తన కొడుకు పాఠాలు చెరిపేస్తే ఎవరు జవాబుదారీ? దుబ్బయ్య ల్యాప్‌టాప్ లోపల కూడా గోడ పెట్టమన్నాడు. పాత బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే సతీశ్‌ను పిలిపించారు. దీంట్లో ఉన్నదే కొద్ది జాగ, ముప్పై రెండు జీబీ, అది కూడా బోర్డుకే అతికించి ఉంటుంది, తీసి పెద్దది వేయడానికి రాదు, దీన్ని చీలిస్తే ఎవరికీ పనికిరాదు అని సతీశ్ చెప్పాడు.

"నువ్వు చీల్చుడు చీల్చు," అన్నాడు దుబ్బయ్య. "పనికొచ్చుడు, రాకపోవుడు వాళ్ల నసీబు."

సతీశ్ పనికిరాని సామానంతా తీసేసి, విండోస్‌ను ఒక సగంలోకి కుదించి, రెండో సగం ఖాళీగా పెట్టాడు. ముందు ఏరుకునే హక్కు పెద్దవాడిది. రాజనర్సు ఖాళీది ఏరుకున్నాడు. చేను పంపకంలో రాళ్లు లేని వైపు కోరుకున్నట్టే కోరుకున్నాడు. కొన్నాళ్లకు అతని కొడుకు హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్లిపోయాడు. పాఠాలు ఫోన్లో చూసుకుంటున్నాడు. ఖాళీ సగం ఖాళీగానే ఉండిపోయింది.

వందన సొంతూరు దౌల్తాబాద్. తండ్రి అంజన్న కల్లుకు తాళ్లు గీసేవాడు, తల్లి బీడీలు చుట్టేది. బడి నుంచి రాగానే వందన కూడా చాట ముందు కూర్చునేది. వేళ్ల వేగం ఆమెకు అక్కడే వచ్చింది. పదో తరగతి తర్వాత మందుల షాపు పైనున్న ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు టైపు నేర్చుకుంది. పెళ్లిచూపుల్లో అంజన్న "మా పిల్లకు టైపొస్తది" అని చెప్పుకున్నాడు. "టైపు సరే, బీడీలొస్తయా?" అని రామవ్వ అడిగింది. వస్తాయన్నాకనే తాంబూలాలు తీసుకున్నారు. టైపు కోడలు అనే పేరు మాత్రం భవాని పెట్టింది.

వందన ఏదీ మరిచిపోదు. ఆ ఇంట్లో తన మొదటి బతుకమ్మకు, తను కట్టుకున్న చీరను చూసి భవాని ఏమన్నదో, ఎవరి ముందు అన్నదో, అప్పుడు ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెబుతుంది. పెళ్లయిన కొన్నాళ్లకు బీడీలు మానేసింది. వేళ్లు నొప్పులని ఆమె భర్త శైలేందర్ అందరికీ చెప్పాడు. అది నిజం కాదు. రామవ్వ పక్కన కూర్చుని చుట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

రామవ్వ తమ దగ్గర తినే నెల వందనకు పొడుగ్గా ఉండేది. కూరలో ఉప్పు తక్కువైతే రామవ్వ ఈ ఇంట్లో చెప్పదు. కంచం పట్టుకుని నల్లా దగ్గరికి వెళ్లి అవతలి కోడలికి వినబడేలా చెబుతుంది. వందన కూడా అడిగితే తప్ప రెండోసారి వడ్డించదు. రామవ్వ అడగదు. శైలేందర్ సిమెంటు బస్తాల ట్రాలీ ఆటో నడుపుతాడు. ఇంట్లో లొల్లి మొదలైతే ఆటో కడుగుతాడు. ఆ సందులో అంత శుభ్రంగా ఉండే ట్రాలీ ఇంకొకటి లేదు.

ఆ నెలలో వందనకు ఒక పని దొరికింది. పాత బస్టాండు వెనక ప్రింటింగ్ ప్రెస్ నడిపే రత్నాకర్, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల కోసం ప్రశ్నల పుస్తకాలు వేస్తాడు. తెలుగులో చేత్తో రాసి ఇచ్చిన ప్రశ్నలను టైపు చేసి పంపాలి. ఇంట్లో కూర్చునే చేయవచ్చు. తన దగ్గర టైపు చేసే మనిషి మానేసిందని, రోజూ పంపేవాళ్లు కావాలని చెప్పాడు.

"ఒక నెల చేసుడు, ఒక నెల పండుగ చేసుకునుడు నాకద్దు," అన్నాడు రత్నాకర్. "రోజు రావాలె. రాకుంటె ఇంకొకలను చూస్కుంట."

"రోజొస్తది," అంది వందన.

ఆ మాట అన్నప్పుడు ఆమెకు రెండు సంగతులు తెలుసు. ల్యాప్‌టాప్ పని చేయడం లేదు. పని చేసినా, నెల మారితే అది గోడ అవతలికి పోతుంది. మొదటిది తేలితే రెండోది చూడవచ్చనుకుంది.

ల్యాప్‌టాప్ తెరిస్తే విండోస్ తనను తాను కొత్తగా చేసుకోవాలని మొదలుపెట్టేది. జాగ లేదని ఆగేది. వెనక్కి తిరిగి మొదటికొచ్చేది. ఈలోగా అన్నం ఉడికేది. ఒక పేజీ టైపు చేసి దాచబోతే దాచడానికి చోటు లేదనేది. అవతలి సగం వాడుకుంటానని భవానిని అడిగింది అందుకే. గోడ మీది మాటలు ఆ అడగడం దగ్గరే మొదలయ్యాయి.

ఆ మర్నాడు పొద్దున వందన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని సతీశ్ దుకాణానికి వెళ్లింది. సతీశ్ దాన్ని తెరిచి చూసి, మూసి, బల్ల మీద ఆమె వైపు జరిపాడు.

"అక్కా, నేను అప్పుడే చెప్పిన. మీ పెద్దమనిషి ఇన్లే."

"నువ్వు గట్టిగ చెప్పలే."

"గట్టిగ చెప్తె ఆయనొచ్చి నా దుకాణంల కూసుంటడు. మల్ల ఎవలు లేపాలె?"

"ఇప్పుడేం జెయ్యాలె, గది చెప్పు."

"విండోస్ తీసెయ్యాలె. అది ఆరడుగుల మనిషి, మనం తొట్లెల పండవెట్టినం. లినక్స్ అని ఉంటది. దాంట్ల తేలికయి గూడ ఉంటయి, ఇసొంటి డబ్బలకే. ఊరికెనే వస్తది. టైపుకు, నెట్టుకు మస్తు."

"తెలుగొస్తదా?"

"వస్తది. నువ్వు నేర్సుకున్న కీబోర్డు గూడ ఉంటది, ఎతుక్కోవాలె."

"ఈ సగంల వడ్తదా?"

"వడ్తది. జర ఇరుకైతది, అయినా నడుస్తది. గోడ ముట్టుకునే పనిలేదు."

"అయితె ఇప్పుడే వెయ్యి."

సతీశ్ బల్ల మీద విప్పి ఉన్న రెండు కంప్యూటర్లను చూపించాడు. "ఇయి ఎవలు చెయ్యాలె? పెట్టి పో, రేపు ఇస్త."

"ఇల్లు దాటి బయట ఉన్నదంటె గోడ అవతలామె ఊకుంటదా? కడియాలు కుదువ వెట్టినమని ఊరంత చెప్తది."

"మరి నువ్వే ఏస్కో." ఆమెను వదిలించుకోవడానికే అన్నాడు. ఆమె కదల్లేదు. చివరికి సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి, దాంట్లోకి లినక్స్ ఎక్కించి ఇచ్చాడు. స్విచ్ వేయగానే ఏ బటన్ ఒత్తాలో, ఏ పేరు ఎంచుకోవాలో చెప్పాడు. చెప్పింది ఆమె తిరిగి చెప్పేదాకా పెన్‌డ్రైవ్ చేతికివ్వలేదు.

"ఒక్కటి యాదికుంచుకో. ఏడ వెయ్యాలని అది అడుగుతది. 'మొత్తం చెరిపి వెయ్యి' అని ముందుగాలనే ఉంటది. అది ఒత్తకు. ఆఖరుది ఒత్తి, నీ సగం చూపియ్యి. ఇన్నవా?"

"ఇన్న."

"ఇనుడయితె ఇంటవ్ గని, చేసేది నీ ఇష్టమున్నట్టు చేస్తవ్," అన్నాడు సతీశ్.

మధ్యాహ్నం శైలేందర్ తిని వెళ్లాక వందన మొదలుపెట్టింది. తన సగంలో ఉన్న కొద్ది కాగితాలను ఫోన్లోకి తీసుకుంది. పెన్‌డ్రైవ్ గుచ్చి స్విచ్ వేసింది. బటన్ ఆలస్యంగా ఒత్తడంతో మళ్లీ విండోసే వచ్చింది, మళ్లీ జాగ లేదంది. ఆపి, ఈసారి స్విచ్ వేసినప్పటి నుంచే బటన్ ఒత్తుతూ కూర్చుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో పట్టీ వచ్చింది. సతీశ్ చెప్పిన పేరు ఎంచుకుంది. కొంతసేపటికి నీలం రంగు తెర వచ్చింది. దాని మీద ఏమీ లేవు, ఒక మూలన రెండు బొమ్మలు తప్ప. బాణం గుర్తును కదిపి చూసింది. చెయ్యి ఎటు పోతే అటు పోతోంది. విండోస్‌లో అది చెయ్యి ఆగాక కదిలేది.

రామవ్వ మంచం మీది నుంచి చూస్తోంది. "ఏం జేస్తున్నవే?"

"పని."

"వండేటప్పుడు గింత మనసువెట్టి చెయ్యవు."

వందన మూలనున్న బొమ్మల్లో సతీశ్ చెప్పినది ఒత్తింది. అది భాష అడిగితే చెప్పింది. ఊరు అడిగితే చెప్పింది. ఎక్కడ వేయాలని అడిగింది. మూడు వరుసలున్నాయి. మొదటిది మొత్తం చెరిపి వేయడం. ఆమె ఆఖరుది ఒత్తింది.

తెర మీద ఒక పొడవాటి పట్టీ వచ్చింది. సగం ఒక రంగు, సగం ఒక రంగు. సతీశ్ కట్టిన గోడ అట్లా ఉంటుందని ఆమె అప్పుడే చూసింది. తన సగంలో నిండినది ఎంత, మిగిలినది ఎంత అని పక్కన రాసి ఉంది. మిగిలినది దాదాపు లేదు. భవాని సగంలో అంతా మిగిలే ఉంది. వందన తన సగం మీద బాణం పెట్టింది.

గోడ అవతలి నుంచి భవాని పిలిచింది. పిలిచింది రామవ్వను. "అత్తా, ఎల్లుండి వస్తున్నవ్ గద? గా డబ్బ మర్వకుండ పట్కరా. మా అన్న కొడుకు అడుగుతుండు, పాటలు నింపుకుంటడట."

"నాదేనాయె, పట్కస్త," అంది రామవ్వ.

"పోయిన వంతుల ఊకెనే సంచిల వెట్టి పంపినం. ఈసారి వాని దగ్గరనే ఉంచుకోమంట. ఈడుండి ఎవలిని ఉద్ధరించాలె?"

వందన చెయ్యి తీసింది. తర్వాత వెనక్కి వెళ్లి, మొదటి వరుస ఒత్తింది. ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది. సరేనని ఒత్తింది.

కింద సన్నని గీత ఒకటి కుడి వైపుకు పోవడం మొదలైంది. రామవ్వ చాట పక్కన పెట్టి మంచం అంచుకు జరిగింది. "గా గీత పోతాంది, ఏందే అది?"

"నీ కడియాలు కరుగుతున్నయి," అంది వందన.

రామవ్వ తునికాకు మడతపెట్టి చాటలో వేసి, మంచం దిగి, నల్లా వైపు వెళ్లింది.

ల్యాప్‌టాప్ ఆగి మళ్లీ మొదలైంది. ఈసారి పెన్‌డ్రైవ్ లేకుండానే ఆ నీలం తెర వచ్చింది, అన్నానికి ఎసరు పెట్టేంత సమయం కూడా పట్టలేదు. వైఫై దొరకలేదు. ఫోన్‌ను తీగతో తగిలిస్తే నెట్ వచ్చింది. తెలుగు కోసం చాలాసేపు వెతికింది. దొరికాక కీబోర్డుల పట్టీలో ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నది కనిపించింది. రత్నాకర్ ఇచ్చిన కాగితాల్లో మొదటి ప్రశ్న టైపు చేసింది. వేళ్లు చూడకుండానే పోయాయి. చూస్తే పేజీ అయిపోయింది. దాచింది. దాచడానికి చోటు ఉంది. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చినా లేవలేదు. పొద్దు వాలేలోగా ఒక కట్ట పూర్తి చేసి రత్నాకర్‌కు పంపింది. "వచ్చినయి. రేపటియి రేపు" అని అతను జవాబు పెట్టాడు.

ఆమె ఫోన్ పక్కన పెట్టేసరికి భవాని గోడ చివర, నల్లా దగ్గర నిలబడి ఉంది. పక్కన రామవ్వ ఖాళీ చెంబుతో ఉంది.

"మా సగం ఏమాయె?" అంది భవాని.

"యాడికి పోలే. కలిసింది."

"ఎవల నడిగి కలిపినవ్?"

"అడిగిన గద. నువ్వు పడావంటివి."

"గంటె దున్నేస్తవా?" భవాని గొంతు పెంచలేదు. రెండడుగులు ఇవతలికి వచ్చింది. వేరుపడ్డాక ఆమె అటు నుంచి ఇటు అంత దూరం రావడం అదే మొదలు. "దాంట్ల నన్ను కన్న మా అవ్వ ఫోటోలుండె. పోయిన యాడాది పోయింది మా అవ్వ. కుకునూరుపల్లిల పెండ్లప్పుడు దిగినయి, నా పిలగాడు దాంట్ల ఎక్కిచ్చిండు."

"లెవ్వు."

"లెవ్వని నీకెట్ల తెల్సు?"

వందన ల్యాప్‌టాప్ మూత దించింది. ఆ సగం ఖాళీ అని ఆమెకు తెలుసు. ఈ రోజు పట్టీలో చూడకముందు కూడా తెలుసు. తన వంతు వచ్చిన ప్రతిసారీ అందులోకి వెళ్లి చూసేది.

"అదీ సంగతి," అంది భవాని అత్తతో. "దొంగ యాడున్నదో చూసినవా?"

నెల మారిన రోజు పొద్దున్నే దుబ్బయ్యను పిలిపించారు. ఆయన ఏ ఇంట్లోనూ కూర్చోలేదు, ఏ ఇంటి చాయ్ తాగలేదు. ఎదురింటి నుంచి కుర్చీ తెప్పించుకుని, గోడ ఆగిపోయిన చోట, ఒక కాలు అటు ఒక కాలు ఇటు వచ్చేలా కూర్చున్నాడు. రాజనర్సు, భవాని వాళ్ల వైపు నిలబడ్డారు. వందన ల్యాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని ఇవతల నిలబడింది. శైలేందర్ తల్లి సామాను మోయడానికి అటూ ఇటూ తిరుగుతున్నాడు. రామవ్వ మంచం అప్పటికే మడిచి గోడకు ఆనించి ఉంది. సతీశ్‌ను దుకాణం నుంచి పట్టుకొచ్చారు. షట్టరు సగం దించి వచ్చానని రెండుసార్లు చెప్పాడు.

"చెరిపినయి మల్ల వస్తయా?" అని దుబ్బయ్య అడిగాడు.

"రావు తాతా. దాని మీద కొత్తది ఏసినంక ఎతుకుడు కష్టం."

"ఈ కొత్తది ఆమె సగంల వట్టకపోవునా?"

సతీశ్ వందన వైపు చూశాడు. "వట్టేది."

"నువ్వు చెప్పినవా?"

"చెప్పిన. ముందుగాలది ఒత్తద్దని గూడ చెప్పిన. నాదేం లేదు తాతా దీంట్ల."

"నీదేం లేదు గని, గోడ కట్టినోనివి నువ్వేనాయె," అన్నాడు దుబ్బయ్య. వందన వైపు తిరిగాడు. "చెప్పినంక ఎందుకు దాటినవ్ బిడ్డా?"

"ఖాళీగ ఉండె మామా."

"పక్కింట్ల అర్ర ఖాళీగుంటె పోయి పంటవా?"

భవాని నవ్వింది. వందన ఆమెను చూడలేదు, రాజనర్సును చూసింది. "బావా, నువ్వు చెప్పు. అక్క వాళ్ల అవ్వ ఫోటోలు దాంట్ల ఉండెనా?"

రాజనర్సు నల్లా కట్టారో లేదో చూస్తున్నట్టు అటు తిరిగాడు. "ఆమె చెప్తాంది గద," అన్నాడు.

"నువ్వు చెప్పు."

"ఫోటోల ముచ్చట ఇడువు," అన్నాడు దుబ్బయ్య. "ఉన్నయో లెవ్వో వాళ్ల అవ్వకెరుక. దాటుడు మాత్రం తప్పు. సతీశూ, మల్ల గోడ పెట్టు. నడిమికి. ఈ తేలికది ఆళ్ల సగంల గూడ ఒకటి వెయ్యి. ఎవలది వాళ్లు తెరుసుకుంటరు."

"వడ్తయి, రెండు వడ్తయి," అన్నాడు సతీశ్, తొందరగా. "ఇప్పుడే కావాల్నా?"

"పెద్దోని తానికి పోయినంక చెయ్యి. ఇయ్యాల నెల మారింది. ముసలమ్మ పెద్దోనింటికి, మిషన్ ముసలమ్మెంట."

భవాని చెయ్యి చాపింది. వందన చంకలోది తీయలేదు.

"మామా, నాది రోజు పని. నెల ఇడిసి నెల కాదు. ఇది అటు పోతె రేపటికెల్లి నా పని ఇంకొకలకు పోతది."

"నీ పని కోసం రివాజు మారదు బిడ్డా."

"దాని పనేందో దానిదే లోకమైనట్టు," అంది భవాని. "మా అన్న కొడుకు పొద్దున్నుంచి ఎదురుసూస్తుండు."

"పాటల కోసం," అంది వందన.

"పాటల కోసమే. నీకేం బాధ? మా వంతు, మేం ఊకెనే మూసి పెడ్తం, దాని మీద పప్పు రుబ్బుతం."

రామవ్వ కిసుక్కున నవ్వింది. "నా కడియాల మీదనే రుబ్బుతవేందే," అంది. ఆమె చేతిలో బీడీల చాట ఉంది. నల్లా దగ్గర రెండు వైపులకూ సమానంగా నిలబడింది, ఎప్పుడూ నిలబడేట్టే. నిన్న రాత్రి వందన పెట్టిన అన్నం సగం కంచంలోనే వదిలి, రేపటి నుంచి ఎట్లాగూ కడుపునిండ తింట అన్నది కూడా ఆమెనే.

శైలేందర్ తల్లి ట్రంకు పెట్టెను భుజానికెత్తుకుని గడప దాటాడు. గోడ చివర దాకా వచ్చి, దుబ్బయ్య కుర్చీ అడ్డం ఉంటే ఆగాడు.

"మామా," అంది వందన. "రివాజేందో మల్లొకసారి చెప్పు. అందరినేటట్టు చెప్పు."

"గదేం కొత్తదా? ముసలమ్మ ఏడుంటె మిషన్ ఆడ."

"అంతే గద?"

"అంతే."

"ఇన్నవా?" అంది భవాని, చాపిన చెయ్యి అట్లాగే ఉంచి.

"ఇన్న," అంది వందన. శైలేందర్ వైపు తిరిగింది. "పెట్టె లోపట వెట్టు. మంచం గూడ తీస్కపోయి ఎయ్యి. అత్త ఇగ ఏడికి పోదు. సచ్చేదాంక నా దగ్గరనే తింటది."